అడ్డం నిలబడ్డ అత్త

బస్సులో ఆవిడ ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది. గాలి కోసం అనుకుంటే పొరపాటు. కలకత్తాలో ఖిదిర్‌పూర్ నుంచి ధర్మతలా వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ కావాలి, తిరిగొచ్చేటప్పుడు కుడివైపుది కావాలి. ఆ సీట్లో ఎవరైనా ఉంటే బతిమాలి లేపేది. వాళ్లు లేవకపోతే తను నిలబడి, కొంగు పొడుగునా పరిచి కిటికీకి అడ్డం పట్టేది. "ఏం మాషీ, బస్సుకి తెరలు కడుతున్నావా" అని కండక్టరు బెంగాలీలో వేళాకోళం ఆడితే తనూ నవ్వేసేది గానీ కొంగు మాత్రం దించేది కాదు. మైదానం దగ్గర పెద్ద హోర్డింగు వచ్చే సమయానికి పక్కనున్న మొగుడి మోచెయ్యి తట్టి, రెండో వైపుకి వేలు పెట్టి చూపించి, "అదిగో గుర్రం, సూడు" అనేది.

మైదానంలో గుర్రాలు మేస్తాయి, నిజమే. కానీ మనం వెళ్లినప్పుడల్లా మేయవు కదా. గుర్రం లేకపోయినా ఆవిడ మొగుడు, మా మావ, అటే చూసేవాడు. హోర్డింగు దాటిపోయేదాకా చూసి, "మంచి గుర్రమే" అనేవాడు.

మొన్న ఆవిడ పోయిందని ఖిదిర్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. అప్పుడు నేను న్యూ టౌన్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. ఫోను పెట్టేసి తలెత్తేసరికి తెర మీద ఆ హోర్డింగు మీది మందు పేరే, అదే బంగారు రంగు అక్షరాలు. ఆ రోజుల్లో సోడా అనేవాళ్లు, ఇప్పుడు పాటల సీడీలంటున్నారు. ఏ సీడీలో ఐసు ముక్కలు వేస్తారో ఆ భగవంతుడికే తెలియాలి. నా ముందు అడ్డం నిలబడేవాళ్లు ఎవరూ లేరు కనక మొత్తం చూశాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. డాక్ కూలీల ఇళ్ల వరసలో, అంటే మా లైన్లో, ఉన్న శ్రీకాకుళం వాళ్లందరం ఒకరికొకరం అత్తలూ మావలూ అయిపోయాం, అంతే. ఆవిడ మొగుడు, అంటే మావ, డాక్‌లో ఖలాసీ. ఓడల్లోంచి సరుకు దించే ముఠాలో అందరికంటే బలమైన మనిషి, అందరికంటే ఎక్కువ తాగే మనిషి కూడా. మా లైన్లో తాగడం పెద్ద విశేషం కాదు, జీతాల రోజున సగం మంది గోడ పట్టుకునే ఇళ్లకి చేరేవాళ్లు. మావ తాగితే కొట్టడమూ లేదు, తిట్టడమూ లేదు. ఎక్కడ పడితే అక్కడ పడుకునేవాడు. ఆవిడ వెళ్లి, చంక కింద చెయ్యి వేసి తెచ్చుకునేది.

ఒక రోజు నెత్తురు కక్కుకున్నాడు. ఆస్పత్రిలో చాలా రోజులున్నాడు. పంపించేటప్పుడు డాక్టరు ఆవిడని పక్కకి పిలిచి, ఇంకోసారి ముట్టుకుంటే నా దగ్గరికి తేవద్దు, తిన్నగా శ్మశానం ఘాట్‌కి తీసుకుపొండి అన్నాడు. మావ మానేశాడు. ఆ రోజు నుంచి ఆవిడకి కొత్త కొలువు దొరికింది. లోకంలో సీసా బొమ్మ ఎక్కడెక్కడుందో కనిపెట్టి దానికీ మొగుడికీ మధ్య నిలబడటమే ఆ కొలువు.

మురీ, అంటే మన మరమరాలు, కొనడానికి వెళ్తే ముందు పొట్లం కాగితం తిప్పి చూసేది. దాని మీద సీసా బొమ్మ ఉంటే వేరే కాగితంలో కట్టమనేది. మురీవాడు విసుక్కునేవాడు. కొత్త సంవత్సరానికి కంట్రాక్టరు పంచిన కేలండరు మీద అన్నం మెతుకులతో సింహాచలం అప్పన్న పటం అంటించింది. ఎండ పడినప్పుడు అప్పన్న స్వామి వెనకాల సీసా నీడ లీలగా కనిపించేది. అందుకని ఆ కేలండరుని ఎండ రాని గోడకి మార్చింది. ఇక లోడ్ షెడ్డింగు. ఊరు ఊరంతా ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ విసనకర్రలు వెతుక్కుంటుంటే ఆవిడొక్కతే గుమ్మంలో హాయిగా చేరబడేది. "ఇప్పుడు బాగుంది, అన్నీ ఆరిపోనాయి" అనేది. కలకత్తాలో కరెంటు పోతే సంతోషించిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

మేం నవ్వేవాళ్లం. నేను మరీ ఎక్కువ నవ్వేవాణ్ని. కొత్తగా పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరాను, నాలుగు ముక్కలు చదువుకున్నాననే పొగరు కూడా ఉండేది. ఒకసారి కుళాయి దగ్గర మావని అడిగేశాను. "మావా, రోజూ డ్యూటీకి సారా దుకాణం ముందు నుంచే కదా పోతావు. అక్కడ లేని భయం ఈ బొమ్మల దగ్గర ఏంటి?"

మావ బకెట్టు కింద పెట్టి, అడిగినందుకు సంతోషించినట్టుగా చెప్పాడు.

"దుకానం ముందునుంచి పోగలను బాబూ. అక్కడ కంపు ఉంటది. ఎవుడో ఒకడు కాలవలో పడుంటాడు. ఆడిని సూస్తే నన్ను నాను సూసుకున్నట్టుంటది, కాళ్లు ఆటంతట అవే ఇంటికొచ్చెస్తాయి. బొమ్మలో కంపు ఉండదు గదా. అందులో ఎవుడూ పడిపోడు. అందరివీ తెల్లబట్టలు. అందరూ నవ్వుతుంటారు. అది సూస్తే, నాను తాగిన రోజులన్నీ గూడా అలాగే ఉండేవి కామోసు అనిపిస్తది. ఆస్పత్రి గేపకం రాదు."

"అది సోడా బొమ్మ మావా. కింద రాసే ఉంది."

"నాకు సదువు రాదు గదా బాబూ."

మందు బొమ్మ వెయ్యకూడదని రూలుంది కాబట్టి అదే పేరూ అదే సీసా వేసి, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో సోడా అని రాసేవాళ్లు. చదువుకున్న నాకు ఆ చీమ కనిపించేది. చదువురాని మావకి సీసా కనిపించేది. ఎవరి చూపు సరైనదో ఇప్పుడు ఒకరు చెప్పక్కర్లేదు.

మా లైను మలుపులో ఒక పొడుగాటి గోడుండేది. ఒక ఏడాది ఆ గోడ నిండా ఆ సోడా సీసా వేశారు, మనిషి కంటే ఎత్తుగా. డ్యూటీకి వెళ్లాలంటే మావకి ఇంకో దారి లేదు. ఆవిడ రెండు రోజులు గోడ పక్కనే మావతో నడిచింది. మూడో రోజు తిన్నగా పార్టీ ఆఫీసుకి వెళ్లింది. కలకత్తాలో గోడల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎన్నికలొస్తున్నాయంటే ముందు సున్నం కొట్టి మా పార్టీది అని ఎవరు రాస్తే గోడ వాళ్లది, ఇంటి యజమాని కూడా నోరెత్తడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "దాదా, ఆ దేవాల్ తోమరా నావో" అంది, ఆ గోడ మీరే తీసుకోండని. ఎన్నికలు ఇంకా చాలా దూరం ఉన్నాయి. కుర్రాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. తమ గోడల మీద రాస్తే లోలోపల ఏడ్చుకునేవాళ్లే గానీ పిలిచి రాయమన్నవాళ్లు వాళ్లకి అంతవరకు తగల్లేదు.

ఆ వారం సీసా మీద సున్నం పడింది, సున్నం మీద ఎర్రక్షరాలు పడ్డాయి. ఆ అక్షరాల్లో ఏముందో ఆవిడకి తెలియదు. ఆ తర్వాత ఆవిడ పార్టీ ఊరేగింపులు ఒక్కటీ వదల్లేదు. నాలాంటివాళ్లు "ఏమత్తా, కామ్రేడ్‌వి అయిపోయావా" అంటే, "ఏటి కామ్రేడో బాబూ, గోడ ఇచ్చినారు, నడవాల గదా" అనేది.

ఇక నా టీవీ సంగతి.

మా లైన్లో మొదటి కలర్ టీవీ నాదే. తాగుడు మానేశాక మావకి సాయంత్రాలూ సెలవు రోజులూ ఎలా గడపాలో తెలిసేది కాదు. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. నా టీవీలో ఒకసారి క్రికెట్టు చూసి దానికి అతుక్కుపోయాడు. మ్యాచ్ ఉందంటే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు. వెనకాలే అత్త వచ్చేది. నాకు ఎండుచేపల కూర తెచ్చేది. "నీ టీవీ నా మొగుణ్ని కాపాడతంది బాబూ" అని మా అమ్మతో కూడా చెప్పింది. నేను ఉప్పొంగిపోయాను. టీవీ నేనే కనిపెట్టినంతగా.

కానీ క్రికెట్టులో ఆరు బంతులకొకసారి ప్రకటనలు వస్తాయి. సగం ప్రకటనలు ఆ సోడావే.

ఓవరు అయిపోగానే ఆవిడ లేచి టీవీకి వీపు పెట్టి నిలబడేది. చీర రెండు చేతులతో పట్టుకుని వెడల్పు చేసేది. మా గది చిన్నది, పదిహేను ఇరవై మంది ఉండేవాళ్లం, తెలుగువాళ్లు, బెంగాలీలు, బిహారీలు. మొదట్లో అందరూ నవ్వారు. పిల్లలు ఆవిడకి అడ్డత్త అని పేరు పెట్టారు. ఒకసారి నన్ను పక్కకి పిలిచి, "ఆ బొమ్మలొచ్చినప్పుడల్లా ఆపెయ్యలేవా బాబూ" అని అడిగింది. మాటిమాటికీ ఆపితే పిక్చర్ ట్యూబు పోతుందత్తా అన్నాను. అది అబద్ధం కాదు, అలా అని నాకు నిజమని తెలిసీ చెప్పలేదు. నా టీవీ నాకు ముద్దు, అంతే. "అయితే ఒద్దులే, నానే నిలబడతాను" అంది.

అలా ఎన్ని మ్యాచులు నిలబడిందో. వేరేవాళ్ల ఇళ్లలో వంటపని చేసి, ఇక్కడికొచ్చి మళ్లీ నిలబడేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ బిగుతుగా ఉంది. ఉక్కపోత, ఒకడి మోకాలు ఇంకొకడి వీపులో. మా ఆఫీసు వాళ్లు ఇద్దరు నా కొత్త టీవీ చూడ్డానికొచ్చారు. వాళ్ల ముందు ఆవిడ లేచి చీర పరుస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు ఎవరీవిడ అని కళ్లతోనే అడుగుతున్నారు. అప్పట్లో ప్రకటన అయ్యేసరికి ఒక్కోసారి మొదటి బంతి వేసేసేవాళ్లు. ప్రకటన అయిపోయిందో లేదో వీపు పెట్టుకున్న మనిషికి ఎలా తెలుస్తుంది. మావ ముఖం మీద పడే వెలుగు రంగుని బట్టి పోల్చుకునేది. ఆ రోజు పోల్చుకోవడం ఆలస్యమైంది. టీవీలో ఒక్కసారిగా గోల లేచింది. వికెట్టు పడింది, మేమెవ్వరం చూడలేదు.

గదిలో అందరూ ఆవిడ మీద విరుచుకుపడ్డారు. "బోషో మాషీ, బోషో" అని బెంగాలీలు, కూకోవే తల్లీ అని మావాళ్లు. నేను మాత్రం ఊరుకున్నానా. ఇల్లు నాది, టీవీ నాది.

"అత్తా, చూడాలంటే కూర్చో. లేదంటే మావని తీసుకుని ఇంటికి పో. రోజూ ఇదే గొడవ."

మావ తల దించుకున్నాడు. అందరిలో అలా అనిపించుకోవడం ఆయనకి కొత్త. తాగే రోజుల్లో ఎవరేమన్నా వినపడేది కాదు కదా. "కూకోయే," అన్నాడు మెల్లిగా. "నాను సూడను లే."

ఆవిడ కూర్చుంది. గుమ్మం పక్కన, గోడకి చేరగిలబడి కూర్చుంది.

తర్వాతి ఓవరు అయింది. ప్రకటన వచ్చింది. ఏదో మేడ మీద సాయంకాలం, చల్లగాలికి తెల్లబట్టలు ఎగురుతున్నాయి, గ్లాసులో ఐసు ముక్క పడింది, బుసబుసమని నురగ పొంగింది. మా గదిలో చెమటలు కారుతున్నాయి. మావ ఒకసారి ఆవిడ వైపు చూశాడు, గుర్రం ఎక్కడుందో చూపిస్తుందేమో అన్నట్టు. ఆవిడ చూపించలేదు. అప్పుడు మావ టీవీ వైపు తిరిగాడు. ఆయన గుటక మింగడం నేను చూశాను. చూసి, మళ్లీ మ్యాచ్‌లో పడిపోయాను.

ఇంకో రెండు మూడు ప్రకటనలయ్యాక బీడీ కాల్చుకొస్తానని లేచాడు. ఆవిడ కూడా లేవబోయింది. కాళ్లు తొక్కకత్తా అని ఎవరో కసిరారు.

ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో గుర్తులేదని రాయాలనుంది. గుర్తుంది. మనమే గెలిచాం. లైనంతా బయటికొచ్చి గంతులేశాం, పార్టీ కుర్రాళ్లు టపాకాయలు పేల్చారు, మా ఆఫీసు వాళ్లు నా టీవీని మెచ్చుకున్నారు. ఆ గోలలో ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "మా ఆయన్ని సూసినారేటి" అని అడగడం కనిపించింది. ఎవరికీ సరిగ్గా వినపడలేదు. నాకు వినపడింది. ఇక్కడే ఎక్కడో ఉంటాడులే అత్తా అన్నాను.

మావ సారా దుకాణానికి వెళ్లలేదట. బజారు వైపు బల్బులు వెలిగే ఇంగ్లీషు మందు దుకాణానికి వెళ్లాడట, బంగారు రంగు అక్షరాలున్న సీసా కోసం. జన్మలో ఆయన ఆ దుకాణం మెట్టెక్కింది అదే మొదటిసారి.

ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. మళ్లీ సారాకే వచ్చాడు. ఆవిడ గోడలకి సున్నం కొట్టించింది, కొంగు అడ్డం పెట్టింది, బస్సులో గుర్రాన్ని చూపించింది. మావ అటు చూసేవాడు కూడా. కానీ మంచి గుర్రమే అనడం మానేశాడు. తర్వాతి దుర్గా పూజ పందిళ్లు వేసేలోపలే డాక్టరు చెప్పిన ఘాట్‌కే తీసుకెళ్లాం. మోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

దినకర్మకి వచ్చినవాళ్లందరితో ఆవిడ ఒకటే మాట చెప్పింది. "ఆయేల నాను కూకున్నాను గదా." వాళ్లకి అర్థం కాలేదు, ఏడుపులో ఏదో అంటోందనుకున్నారు. ఆ తర్వాత కూడా అంతే. కుళాయి దగ్గర, రేషను షాపు వరసలో, మావ మాట వస్తే చాలు, "నాను కూకున్నాను గదా" అనేది. ఫలానా జ్వరంతో పోయాడని చెప్పినంత మామూలుగా చెప్పేది. అయ్యో నీ తప్పేముంది అత్తా అనేవాళ్లం. నీ తప్పేముంది అనడం సుళువు. తర్వాత రావాల్సిన మాట ఒకటుంది కదా, కూకోమన్నది మేమే అని. ఆ మాట ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ అనలేదు. నేనూ అనలేదు. ఆవిడని చూస్తే ఏదో పనున్నట్టు నడక వేగం పెంచేవాణ్ని. కొన్నాళ్లకి ఎండుచేపల కూర వండినప్పుడు మళ్లీ నాకు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కూర తినడం ఎంత కష్టమో చెప్పలేను.

పోయిన ఏడు పాత లైన్లో పెళ్లికి వెళ్లాను. మళ్లీ ఎన్నికల గాలి, గోడలకి సున్నాలు కొడుతున్నారు. ఈసారి ఎర్రక్షరాలు పోతాయని అందరూ అంటున్నారు. ఆవిడ గదికి వెళ్లాను. బాగా చిక్కిపోయింది. నేల మీద గోడకి చేరబడి కూర్చుని ఉంది. ఆ గోడకి అప్పన్న కేలండరు ఇంకా ఉంది. ఇప్పుడు కాకపోతే ఇక చెప్పలేనని చెప్పేశాను.

"అత్తా, ఆ రోజు నువ్వు నీ అంతట కూర్చోలేదు. నేను కూర్చోమన్నాను. నా టీవీ, నా పొగరు. ఆ పాపం నాది."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. కోపమూ రాలేదు. చిన్నపిల్లాడు తప్పు లెక్క చెబితే దిద్దినట్టుగా తల అడ్డంగా ఊపింది.

"నువ్వన్నావు, నిజమే. నీకు ముందు ఎంతమంది అనలేదు? బస్సులో అన్నారు, బజార్లో అన్నారు. ఏ పాలైనా ఇన్నానేటి? ఆయేల కాళ్లు పీకేస్తన్నాయి బాబూ. పొద్దున్నించి రెండిళ్లలో వంట. నువ్వు కూకోమనేసరికి బతికినాను రా అనిపించింది. నాకే కూకోవాలనిపించింది."

నేనేదో అనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"ఇంకోటి ఉంది. అది ఎవుల్తోనూ సెప్పనేదు. ఆ బొమ్మకి ఎప్పుడూ నా ఈపే గదా. అన్నాళ్లు అడ్డం నిలబడినాను గానీ, అదేటో నానెప్పుడూ సూడనేదు. ఆయేల కూకుని సూసినాను. బాగుంది బాబూ. సల్లగ ఉంది. ఆ మేడ, ఆ గాలి, ఆ నవ్వులు. జన్మలో సుక్క ముట్టనిదాన్ని, నాకే గొంతు తడారిపోనాది. నాకే ఇలాగుంటే ఆయనకి ఎలాగుంటదో అని అప్పుడు తెలిసింది."

కేలండరు వైపు చూసింది.

"తెలిసినాక గూడా లెగనేదు. ఇంకోపాలి సూద్దారని కూకున్నాను."

 ఆవిడ రెండు మోకాళ్ల మీదా చేతులు ఆన్చి, గోడ పట్టుకుని, కష్టపడి లేచింది. వద్దత్తా, కూర్చో అన్నాను. వినిపించుకోకుండా నాకు టీ పెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్లింది.